తనకు తానే తాళం వేసుకునే డిస్కు

పదహారు రోజుల తర్వాత నిర్మల మళ్లీ పనిలోకి వచ్చేసరికి స్టూడియోలో అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, కంప్యూటర్ ఒక్కటి తప్ప.

బాన్సువాడ బస్టాండు వెనక సందులో, ఎరువుల దుకాణం పక్కనుంచి మెట్లెక్కితే భీంరావు ఫోటో స్టూడియో. ముందుగదిలో నీలం పరదా, గుండ్రటి కుర్చీ, కొక్కేనికి వేలాడే నల్లకోటు. పాస్‌పోర్టు ఫోటోకి వచ్చిన మగవాళ్లందరూ ఆ ఒక్క కోటే తొడుక్కుంటారు. చుట్టుపక్కల పది ఊళ్లలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన ప్రతి మనిషీ అదే కోటులో ఉంటాడని నిర్మల ఒకప్పుడు పడీపడీ నవ్వేది. ఇవాళ దాన్ని చూసింది. వట్టి కోటు లాగే ఉంది.

లోపలిగదిలో ఆమె బల్ల. మూడేళ్లుగా ఆ బల్ల ముందు కూర్చుని పెళ్లివీడియోలు కోసి అతికించడమే ఆమె పని. బల్ల కింద పాత డబ్బా ఉండే చోట కొత్తది నల్లగా మెరుస్తోంది. కీబోర్డు కొత్తది, మౌసు కొత్తది.

"తుఫాను వానల పిడుగు పడ్డది బిడ్డా," అన్నాడు భీంరావు. యాభై దాటిన మనిషి. మరాఠీ యాస ఇంకా నాలుక మీదనే ఉంటుంది. ఆమె 'కాకా' అంటుంది. "ఆ సెల్ టవర్ మీద పడ్డది, మన కంప్యూటర్‌ను గుంజుకపోయింది. కీబోర్డు, మౌసు అన్నీ కాలిపాయె. డిస్కు ఒక్కటి బతికింది. సాగర్ అచ్చి దీంట్ల బిగించిండు. నువ్వచ్చి తాళం తీస్తె పని మొదలైతది." ఆ తర్వాత గొంతు సవరించుకుని, "తిన్నవా?" అన్నాడు.

"తిన్న కాకా."

తిన్నదో లేదో ఆమెకు గుర్తులేదు. తిన్నానని చెబితే తర్వాతి ప్రశ్న ఉండదని ఈ పదహారు రోజుల్లో నేర్చుకుంది. తల్లి లాలి జ్వరమని పడుకుని, నిజామాబాద్ దవాఖానలో మూడోరోజు తెల్లవారకముందే పోయింది. నలభై ఏడేళ్లు. వరి కోతలు మొదలైన వారం. శవాన్ని తండాకు తెచ్చేటప్పుడు బిచ్కుంద రోడ్డు పొడుగునా సగం దారి మీద వడ్లు ఆరబోసి ఉంటే అంబులెన్సు ఒక పక్కగా మెల్లగా వచ్చింది. నిర్మలకు ఆ ప్రయాణంలో గుర్తున్నదల్లా వడ్ల మీద పడ్డ ఎండ.

ఆమె కుర్చీలో కూర్చుని కంప్యూటర్ పెట్టింది. తెరమీద తెల్లటి గీత కొట్టుకుంటూ పాస్‌వర్డ్ అడిగింది.

ఈ డిస్కుకు ఒక కథ ఉంది. కిందటేడు ఎక్కడో వేరే జిల్లాలో ఒక స్టూడియోవాడు పాత డిస్కును పాతసామాన్ల కింద అమ్మేశాడు. కొన్నవాడు దాంట్లోంచి పెళ్లికూతురు ముస్తాబవుతున్న ఫోటోలు తీసి ఫోన్లలోకి వదిలాడు. ఆ సంగతి విన్ననాటినుంచి భీంరావుకు అన్నం సయించలేదు. "మంది ఆడపిల్లలు మనల నమ్మి మన ముందల నిలవడ్తరు. మన డబ్బాలకెళ్లి ఒక్క బొమ్మ బయటికి పోతె నేను బాన్సువాడల తలెత్తుకొని తిరుగుతనా?" అని, కంప్యూటర్లు బాగుచేసే సాగర్‌ను పిలిపించాడు.

సాగర్ తెచ్చిన డిస్కు పెద్ద కంపెనీల సర్వర్‌గదుల్లో వాడే రకం. చేతిలో పెడితే ఇటుకంత బరువు. "మామూలు డిస్కులు మనలెక్కన్నా, తిరిగి తిరిగి అలసిపోతయ్. గిది గానుగెద్దు. ఏండ్లకేండ్లు ఆగకుంట తిరుగుతనే ఉంటది. ఇంకోటి, దీంట్ల ఏది రాసినా దానికదే గుప్తంగ మార్చి రాస్కుంటది. కరెంటు పోయిందా, తనకు తానే తాళమేస్కుంటది. పొద్దుగాల పాస్‌వర్డ్ కొడ్తెనే నోరు తెరుస్తది. దొంగోనికి దొరికినా ఇనుపముక్కనే," అని నిర్మల వైపు తిరిగి, "చెల్లె, పాస్‌వర్డ్ నువ్వే పెట్టు. కాగితం మీద రాయకు. నాగ్గూడ చెప్పకు. మీ ఆయనకు గూడ చెప్పకు" అన్నాడు.

"నాకింకా ఆయన లేడన్నా," అని నిర్మల సిగ్గుగా నవ్వింది. అప్పటికి ఫిబ్రవరి. పెళ్లి మేలో.

ఎవరికీ తెలియనిది, తాను మరిచిపోనిది ఏముందా అని ఆలోచించి తల్లి పేరు పెట్టుకుంది. ఆధార్ కార్డులో ఉన్నట్టు లాలీబాయి. ఆ వెంటనే పుట్టిన తేదీ, జనవరి ఒకటి, పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది. వాళ్ల తండాలో పెద్దవాళ్లందరూ కార్డుల్లో జనవరి ఒకటినే పుట్టారు. రాసుకోవడానికి వచ్చినాయనకు ఏదో ఒక తేదీ కావాలి కదా. "మా యాడి పుట్టినరోజుకు దునియంత పటాకులు కాలుస్తది," అనేది నిర్మల. లంబాడీలు తల్లిని యాడి అంటారు.

రోజూ పొద్దున భీంరావు పూజ, ఆ వెంటనే నిర్మల పాస్‌వర్డ్, అదీ వరస. బంతిపువ్వును పసుపునీళ్లలో ముంచి కెమెరాలమీద, లైట్లమీద, తెరమీద, కీబోర్డు మీద చిలకరించి, డబ్బా తలుపు తీసి డిస్కు నొసటన కుంకుమ పెట్టేవాడు భీంరావు. సాగర్ ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. "అన్నం పెట్టేదానికి బొట్టు వెట్టొద్దా?" అనేవాడు.

నిర్మల ఇప్పుడు లాలీబాయి అని కొట్టింది. తేదీ కొట్టింది.

తప్పు, అంది తెర.

మెల్లగా, ఒక్కొక్క మీట చూసుకుంటూ మళ్లీ కొట్టింది. తప్పు. అయిదుసార్లు తప్పితే కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాలి. ఆపింది, పెట్టింది. తప్పు.

సాగర్‌కు ఫోను చేసింది. "పాస్‌వర్డ్ డిస్కులనే ఉంటది చెల్లె, డబ్బా మారితె మారది. వేరే ఏమన్న పెట్టినవేమో, మంచిగ యాద్ జేస్కో."

"గదే పెట్టిన అన్నా."

"రోజూ కొట్టేదానివి గదా!"

రోజూ కొట్టేదే. పెళ్లయ్యాక కూడా, చేతుల గోరింట పోకముందే వచ్చి కొట్టింది. కానీ ఈమధ్య ఆమెకు తన సంగతులేవీ గట్టిగా తెలియడం లేదు. పొద్దున స్నానం చేసిందీ లేనిదీ తెలియక తల తడిమి చూసుకుంటోంది. అలాంటప్పుడు పాస్‌వర్డ్ ఒక్కటీ గుర్తున్నట్టే గుర్తుంటుందని నమ్మకమేమిటి? మూడురోజులు ప్రయత్నించింది. నాలుగోరోజునుంచి మానేసింది.

ఆ డిస్కులో ఏముందో ఆమె ఎవరికీ చెప్పలేదు.

అందులో ఆమె పెళ్లి ఉంది. వేరే ఎక్కడా లేదు. భీంరావే స్వయంగా వచ్చి తీశాడు. కార్డుల్లోంచి డిస్కులోకి ఎక్కించి, ఆ కార్డులను మర్నాటి పెళ్లికి వాడేశారు. మిగతా పెళ్లిళ్లన్నీ కోసి అతికించి ఎవరివి వాళ్లకు ఇచ్చేసింది. తనది మాత్రం రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయింది. దర్జీ ఇంట్లో పిల్లల లాగులకు గుండీలు ఉండవన్నట్టు, సొంతపని ఎప్పుడూ ఆఖరికే. తొందరేముంది, అందరూ ఉన్నారు కదా అనుకుంది.

ఆ పెళ్లిలో తల్లి పాడిన 'ఢావలో' ఉంది.

లంబాడీ పెళ్లిలో పిల్లను సాగనంపేటప్పుడు పాడుతూ ఏడ్చే ఏడుపు అది. పెళ్లికూతురు ఒక్కొక్కరి మెడ చుట్టూ చేతులేసి, తల్లిని తల్లీ అని, అన్నను అన్నా అని పిలుచుకుంటూ రాగం తీసి ఏడవాలి. మాటలు ఎవరివి వాళ్లే అల్లుకోవాలి. లాలి నెలరోజుల ముందునుంచి రొట్టెలు కాలుస్తూ కూతురికి నేర్పింది. కూతురు ఫోను చూసుకుంటూ ఊఁ కొట్టింది. బిచ్కుంద కాలేజీ బస్సులో మూడేళ్లు పక్కసీటు పట్టి ఉంచిన వినోద్‌ను తానే కోరి చేసుకుంటుంటే ఏడుపెక్కడినుంచి వస్తుంది? ఆ రోజు వాకిట్లో తల్లి ఆమెను పట్టుకుని గొంతెత్తగానే నిర్మలకు నవ్వొచ్చింది. ఆపుకున్నకొద్దీ పొంగింది. తల్లి భుజం మీద మొహం దాచుకుంది. భుజాలు కదులుతుంటే జనం ఏడుస్తోందనుకున్నారు. పక్కన జనరేటర్ మోత, వాకిలి దాటితే డీజే. చుట్టాల పిల్లల ఫోన్లన్నీ డీజే దగ్గరే ఉన్నాయి. తల్లి ఏం పాడిందో నిర్మల ఒక్క ముక్క వినలేదు. తన వంతూ, కూతురి వంతూ రెండూ తల్లే పాడిందని మాత్రం తర్వాత మేనత్త లచ్చి ఎత్తిపొడిచింది.

తల్లి పోయినరోజు కూడా నిర్మల ఏడవలేదు. ఆడవాళ్లు చుట్టూ కూర్చుని ఏడుస్తుంటే వాళ్లకు మంచినీళ్లు అందించింది. "చదువుకున్న పిల్ల, లోపల్లోపల ఏడుస్తది," అన్నారెవరో. "ఏం ఏడుస్తది! పెండ్లిల గూడ కన్ను తడవలే," అంది లచ్చి. నిర్మలకు ఆ మాట తగలలేదు. తగలకపోవడం ఆశ్చర్యంగా కూడా లేదు. పంటి డాక్టరు మత్తుసూది ఇచ్చాక పెదవి ఉందో లేదో వేలితో నొక్కి చూసుకున్నట్టు, అప్పుడప్పుడూ ఆ మాటను నొక్కి చూసుకునేది. ఏమీ లేదు.

వాళ్లు కాపురముండేది చెరువుగట్టు దగ్గర కిరాయి ఇంట్లో, ఒక గది, ఒక వంటిల్లు. వినోద్‌ది రుద్రూర్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో చిన్న ఉద్యోగం. రోజూ బండి మీద పోయి వస్తాడు. వరి రకాల పేర్లు చుట్టాల పేర్లలా చెబుతాడు. ఒకరోజు పొద్దున చాయ్ పెట్టి తెచ్చాడు. ఆమె తాగి గ్లాసు కింద పెట్టాక తనది నోట్లో పోసుకుని వాకిట్లోకి ఉమ్మేశాడు.

"ఓ పిల్లా! ఉప్పు వోసిన్నే!"

"అవునా?"

"మొత్తం తాగినవ్!"

వినోద్ నవ్వడం మొదలుపెట్టి, ఆమె మొహం చూసి మధ్యలో ఆపేశాడు. ఆ రోజునుంచి సాయంత్రం వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర మిరపకాయబజ్జీలు కట్టించుకు వస్తున్నాడు. పెళ్లయిన కొత్తలో కాగితం పొట్లం విప్పకముందే సగం లాక్కునేది. ఇప్పుడు ఇచ్చినన్ని తింటుంది. బాగున్నాయా అంటే బాగున్నాయంటుంది.

కార్తీకంలో స్టూడియోకి ఒప్పుకున్న మొదటి పెళ్లి గురువారం. మంగళవారం నాడు సాగర్ స్టూడియోకి వచ్చి డబ్బా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, గింతపెద్ద డిస్కును కట్టేసి కూసునుడెందుకు? దీనికి ఆఖరి మందు ఒకటున్నది. డిస్కు మీద చీటీ అంటించి ఉంటది. దానిమీద ముప్పై రెండు అక్షరాలు. అవి కొడ్తె తాళం ఊడుతది."

"మరి గీ ముచ్చట ముందుగాల చెప్పరాదువయా!" అన్నాడు భీంరావు.

"కొడ్తె డిస్కు ఖాళీ అయితది. గందుకే చెప్పలే."

"గంత పెద్దది తుడవాలంటె ఒకరోజు పట్టదా?"

"ఏం తుడవదన్నా. గదే దీని కత. రాసింది రాసినట్టే ఉంటది లోపట. దాన్ని చదివే తాళంచెవి ఒకటి ఉంటది సూడు, గది పారేస్తది. ఒక్క సెకండ్. ఇగ దాన్ని చేసినోడు అచ్చినా చదవలేడు."

నిర్మల బల్ల దగ్గర ఆల్బం పేజీలు అమరుస్తోంది. రాసింది రాసినట్టే ఉంటుంది, చదవడానికే ఉండదు. ఆ మాట ఆమెకు కొత్తగా అనిపించలేదు. తనకు తెలిసిన మనిషి గురించి ఎవరో చెబుతున్నట్టు విన్నది.

భీంరావు ఆమెవైపు తిరిగాడు. "బిడ్డా, మంది పెండ్లిళ్లు ఇంకేమన్న మిగిలినయా దాంట్ల?"

"అందరివీ ఇచ్చేసినం కాకా."

"అయితె కొట్టిద్దామా?"

"కొట్టియ్యి."

ఒక్క మాట చెప్పవచ్చు. చెబితే కాక అయ్యో అంటాడు. సాగరన్న అయ్యో అంటాడు. అయ్యో అన్న ప్రతిసారీ అవతలి మనిషి తన మొహంలో ఏదో వెతుకుతాడు. అక్కడ అది ఉండదు. ఆ వెతుకులాటకు ఆమెకు ఓపిక లేదు. పైగా చెప్పినంత మాత్రాన తెరుచుకుంటుందా?

సాయంత్రం వినోద్‌కు అన్నం వడ్డిస్తూ చెప్పింది. రేపు డిస్కు ఖాళీ చేస్తారట, అంది.

వినోద్ చెయ్యి ముద్ద దగ్గర ఆగింది. "మన పెండ్లి దాంట్లనే ఉన్నది గదా?"

"ఊఁ."

"యాడి ఢావలో?"

"ఊఁ."

"మరి వద్దని చెప్పలేదా?"

"చెప్తె తెరుసుకుంటదా?"

"తెరుసుకోకున్నా సరే. గట్లనే తాళం తోటే మనం తెచ్చుకుందాం. కాకకు ఇంకో డిస్కు తెచ్చిద్దాం."

"తెచ్చుకొని ఏం జేస్తం? కాక లెక్క బొట్టు వెట్టి పూజ జేస్తమా?"

అది ఎకసెక్కెం కాదు, నిజంగానే అడిగింది. వినోద్ పళ్లెం తీసుకెళ్లి కడిగిపెట్టి వచ్చాడు. "రేపు నేను మధ్యాహ్నం సెలవు వెడ్త," అన్నాడు.

"ఎందుకు?"

"ఊకెనే."

మర్నాడు పన్నెండున్నరకు సాగర్ వచ్చాడు. డబ్బా తలుపు తీసి డిస్కును సగం బయటికి లాగాడు. దాని నొసట ఎనిమిది నెలల కుంకుమ పొరలుపొరలుగా పేరుకుని ఉంది. కింద చీటీ కనబడడం లేదు.

"అన్నా, డిస్కుకు బొట్టు వెడ్తనని మొహమంత పూసినవ్ గదా! చదివేదెట్ల?"

"నూనె పెట్టి తుడువ్, పోతది," అన్నాడు భీంరావు ముందుగదిలోంచి. రేపటి పెళ్లికి కెమెరా అద్దాలు తుడుస్తున్నాడు.

సాగర్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి వంగి చూశాడు. అక్షరాలు చీమలంత. "నాకు కండ్లద్దాలు లేవు. చెల్లె, నువ్వు చదువు, నేను కొడ్త. తొందరవడకు, ఒకటి తప్పినా మళ్ల మొదటికెళ్లి."

నిర్మల కింద కూర్చుని టార్చి పట్టుకుంది. డిస్కు ఇంకా వెచ్చగా ఉంది. లోపల చిన్న గరగర. తాళం వేసుకుని ఉన్నా అది తిరగడం మానలేదు. ఆమె వేలు చీటీ మీద మొదటి అక్షరం కింద పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. నాలుగేసి అక్షరాలు చదివి ఆగుతోంది. సాగర్ కొట్టి, ఊఁ అంటున్నాడు. ఆమె గొంతు బ్యాంకులో టోకెన్లు పిలిచే మనిషి గొంతులా ఉంది. నాలుగు, ఊఁ. ఎనిమిది, ఊఁ. తన పెళ్లిని తానే అక్షరం అక్షరం చదివి అప్పగిస్తోందన్న సంగతి ఆమెకు తెలుసు. పక్కింట్లో కుక్కర్ కూత తెలిసినట్టు తెలుసు.

పందొమ్మిదోది అంకె.

"ఎయిట్," అంది నిర్మల.

ముందుగదిలోంచి, అద్దం తుడుస్తూనే, తల ఎత్తకుండానే భీంరావు అన్నాడు: "ఎయిట్ పక్కకెళ్లి కొట్టు సాగర్. పై వరసల ఉన్నది పనిచెయ్యది."

"అన్నా, గది పాత కీబోర్డు. కాలిపాయె గదా! గిది కొత్తది. దీనికి నువ్వింక పసుపునీళ్లు తాపలే."

"అరె, అవును గదా. ఏడాదినుంచి అలవాటైపాయె."

"గా దసరాకు చెంబెడు గుమ్మరించినవ్. ఎయిట్ ఒక్కటే పోయింది, నయం. మొత్తం కీబోర్డు పోవాలె," అని సాగర్ నవ్వి, "ఊఁ, ఎయిట్. తర్వాత?"

నిర్మల తర్వాతిది చదవలేదు.

పై వరసలో ఎనిమిది పనిచెయ్యదు. కిందటేటి దసరానుంచి పనిచెయ్యదు. స్టూడియోలో ముగ్గురికీ తెలుసు. ఏదైనా రాస్తున్నప్పుడు తెరమీద ఎనిమిది పడకపోతే, తిట్టుకుని, కుడిపక్కన విడిగా ఉండే అంకెల్లోంచి కొట్టేవాళ్లు. పడలేదని కనబడుతుంది కాబట్టి. పాస్‌వర్డ్ అడిగేచోట ఏ అక్షరమూ కనబడదు. ఏది పడిందో ఏది పడలేదో ఆ తెర చెప్పదు. ఫిబ్రవరిలో మొదటిసారి పెట్టినప్పుడు ఆమె వేళ్లు అలవాటు చొప్పున పై వరసకే పోయాయి. నిర్ధారణకు రెండోసారి కొట్టమన్నప్పుడు కూడా అక్కడికే పోయాయి. ఆ తర్వాత ప్రతి పొద్దునా. చచ్చిన మీట మీద నొక్కుతూ, పడిందనుకుంటూ.

కొత్త కీబోర్డులో అన్ని మీటలూ బతికే ఉన్నాయి. అందుకే తప్పు.

"చెల్లె, తర్వాత?"

"ఆగన్నా."

"ఏమైంది?"

"కొట్టకు. తీసెయ్ కొట్టిందంత. నన్ను కూసోనియ్."

సాగర్ కొట్టిందంతా తీసేసి లేచాడు. నిర్మల కుర్చీలో కూర్చుంది. డిస్కును లోపలికి తోసి, కంప్యూటర్ ఆపి, పెట్టింది. తెల్లటి గీత వచ్చి కొట్టుకుంది. లాలీబాయి. జనవరి ఒకటి. పందొమ్మిది వందల డెబ్బై. వేలు దానంతటదే ఎనిమిది మీదికి పోయింది. ముట్టుకోకుండా, గాలిలోనే ఒకసారి నొక్కి, వెనక్కి తీసుకుంది. ఎంటర్ కొట్టింది.

డబ్బాలో గరగర ఒక్క క్షణం ఆగింది. టకటకమని రెండుసార్లు చప్పుడైంది. తెర తెరుచుకుంది.

"అరే వా!" అని సాగర్ తొడ చరిచాడు. "ఎట్లయింది? ఏం జేసినవ్?"

"ఎయిట్ కొట్టలే."

సాగర్ రెండు నిమిషాలు ఆమెనూ కీబోర్డునూ చూసి, అర్థమై, తల పట్టుకున్నాడు. "భీంరావన్నా! ఇగ నీకూ నీ బంతిపువ్వుకూ దండం!"

భీంరావు కెమెరా పట్టుకునే లోపలికి వచ్చాడు. తెరమీద వరసగా ఫోల్డర్లు. ఒక్కోదాని మీద ఒక్కో ఊరి పేరు. నిర్మల కిందికి జరిపి, పేరు లేని దాని మీద ఆగింది.

"ఏమున్నది దాంట్ల?"

"నా పెండ్లి కాకా."

భీంరావు కెమెరాను బల్లమీద పెట్టాడు. స్టూలు మీద కూర్చున్నాడు. "అందరివీ ఇచ్చినమంటివి గద బిడ్డా."

"అందరివీ ఇచ్చినం."

"నువ్వు అందరిల లేవా?" అన్నాడు. గట్టిగానే అన్నాడు. ఆ తర్వాత మెత్తబడి, "నేను గూడ అడగలే. నువ్వు ఎప్పుడో చేస్కున్నవనుకున్న. ఇంకొద్దిగైతె..." అని ఆపేశాడు.

సాగర్ అప్పటికే తన సంచిలోంచి చిన్న డిస్కు తీసి తగిలించాడు. "మాటలు తర్వాత. ముందుగాల దీన్ని రెండు జాగల్ల పెడ్దాం." తెరమీద పచ్చగీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది. ఇంకా నలభై నిమిషాలు, అని రాసింది.

వినోద్ మెట్లెక్కి వచ్చేసరికి గీత సగం దాటింది. చేతిలో కాగితం పొట్లం. ముగ్గురూ తెర ముందు ఉండడం చూసి గుమ్మంలోనే నిలబడ్డాడు. అయిపోయిందనుకున్నాడు పాపం. చెప్పులు విప్పకుండా, లోపలికి రాకుండా నల్లకోటు పక్కన నిలబడిపోయాడు.

"రావయా అల్లుడా, నీ పెండ్లే చూస్తున్నం," అన్నాడు భీంరావు.

గీత నిండాక నిర్మల ఒక్కొక్క ముక్కా తెరుస్తూ పోయింది. పసుపు. భోజనాలు. తండ్రి రూప్‌సింగ్ కొత్త తలపాగాను సర్దుకుంటూ సర్దుకుంటూ ఊడదీసుకోవడం. అప్పుడు వాకిలి వచ్చింది.

తెరమీద తల్లి వీపు, తల్లి భుజం మీద తన తల. భీంరావు ఆ రోజు పెళ్లికూతురి ఓణీకి చిన్న మైకు గుచ్చాడు. ఆ సంగతి నిర్మల అప్పుడే మరిచిపోయింది. జనరేటర్ ఎక్కడో దూరంగా గుయ్యిమంటోంది. తల్లి గొంతు మాత్రం చెవి పక్కనే, ఊపిరితో సహా ఉంది.

లాలి రాగం తీస్తోంది. నా బంగారుపిట్ట పోతోంది, నా ఇంటి దీపం పోతోంది అని అందరు తల్లుల్లాగే మొదలుపెట్టింది. తర్వాత రాగం మారకుండానే మాటలు మారాయి. చూడండమ్మా, ఈ పిల్ల నవ్వుతోంది. నా భుజం మీద నవ్వుతోంది. పళ్లు దాచుకో తల్లీ, అత్తింటివాళ్లు చూస్తున్నారు. రొట్టె మాడ్చినప్పుడూ నవ్వావు, బడికి తోలినప్పుడూ నవ్వావు, ఇప్పుడూ నవ్వుతున్నావు. నవ్వుకో. నీ వంతు కూడా నేనే ఏడుస్తాను, నవ్వుకో. అంతలో ఊపిరి తీసుకుని, అదే రాగంలో, ఆ డబ్బా పట్టుకున్నాయన పొద్దుటినుంచి తిరుగుతున్నాడు, ఆయనకెవరైనా అన్నం పెట్టండమ్మా.

మైకులో దగ్గరగా మరో చప్పుడు. ఆపుకుంటూ ఆపుకుంటూ ముక్కుతో నవ్వుతున్న చప్పుడు. అది నిర్మలది.

లంబాడీ మాట రాని భీంరావు తెరవైపు చూస్తూ, "ఏమంటున్నది మీ యాడి?" అన్నాడు.

నిర్మల వీడియో ఆపింది.

"నీకు అన్నం పెట్టుమంటున్నది కాకా."

"పెట్టింది," అన్నాడు భీంరావు. "రెండుసార్లు పెట్టింది. వద్దంటె ఇనలే."

మిగతా మాటలు ఆమె చెప్పలేదు. వినోద్‌కు మాత్రం తెలుసు. అతను గోడవైపు తిరిగి కోటు గుండీని మెలిపెడుతున్నాడు.

నిర్మల వెనక్కి జరిపి మళ్లీ వింది. మూడోసారి కూడా. కళ్లు పొడిగానే ఉన్నాయి. ఏడుపు వస్తుందేమోనని అందరూ ఎదురుచూశారు. ఆమె కూడా ఎదురుచూసింది. రాలేదు. తన వంతు అక్కడ తల్లి ఏడుస్తూనే ఉంది.

సాగర్ లేచి వైర్లు చుట్టుకున్నాడు. రేపటి పెళ్లికి ఇదే డిస్కు చాలు, చోటు బోలెడుంది, అన్నాడు. భీంరావు ముందుగదిలోకి పోయి మళ్లీ అద్దం తుడవడం మొదలుపెట్టాడు. వినోద్ వచ్చి స్టూలు మీద కూర్చుని పొట్లం విప్పాడు. బజ్జీలు చల్లారిపోయి నూనె కాగితానికి అంటింది. ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నిర్మల తెరవైపే చూస్తూ కొరికింది. నమిలింది. ఇంకోసారి కొరికి ఆగిపోయింది. నాలుక బయటపెట్టి, చేత్తో విసురుకుని, వినోద్ వైపు తిరిగింది.

"అబ్బ! ఏందిది, గింత కారమున్నది? నీళ్లియ్యి, జల్ది!"

వినోద్ నీళ్లసీసా కోసం లేవబోయి స్టూలు తన్నేశాడు.